శిష్యులను తీర్చిన యువ ఆచార్యుడు లీబిగ్

మన కళాశాల ప్రయోగశాలలో లీబిగ్ కండెన్సరును చేతపట్టని సైన్సు విద్యార్థి ఉండడు. నిజానికి ఆ పరికరాన్ని కనిపెట్టింది లీబిగ్ కాదు. దానిని ప్రచారంలోకి తెచ్చినవాడు మాత్రమే. అతని అసలు ఘనత వేరొకటి. పరిశోధన నేర్చుకొనే విద్యార్థిని నడిపించే పద్ధతిని అతడు లోకానికి చూపినాడు. ఆ విద్య అతనికి ఎట్లా పట్టుబడిందో ఇక్కడ ముచ్చటించదలచినాము.

జస్టస్ లీబిగ్ 1803లో జర్మనీ దేశపు డార్మ్‌స్టాట్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి రంగులు, రసాయనాలు అమ్మే వర్తకుడు. బడి చదువులో రాణించని ఈ బాలుణ్ణి ప్రయోగాల మీది మమకారమే క్రమంగా పారిస్ వరకు చేర్చింది. అక్కడ హంబోల్ట్ పండితుని చలువ వల్ల, సుప్రసిద్ధ రసాయనవేత్త గే లుస్సాక్ అతణ్ణి తమ స్వంత ప్రయోగశాలలో చేర్చుకొన్నారు. గురువు పక్కన నిలిచి పనిచేయడంలోని విలువను లీబిగ్ అక్కడ ఎరిగినాడు. మన ఉర్దూ మిత్రులు చెప్పే ఉస్తాద్, షాగిర్దుల బంధం వంటిదది.

1824లో, హంబోల్ట్ సిఫారసుతోనే, గీసెన్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. వయస్సు 21 సంవత్సరాలు! తమను సంప్రదించని ఈ నియామకం తోటి ఆచార్యులకు రుచించలేదు. ప్రయోగశాలగా దక్కింది సైనికులు విడిచిపెట్టిన కాపలా భవనం. ఖర్చులకు స్వంత జీతాన్నే తడుముకోవలసి వచ్చేది.

గే లుస్సాక్ వద్ద శిష్యుడు తానొక్కడే. ఇక్కడ శిష్యులు అనేకులు. అందరి పక్కనా ఒక్కడు నిలవడం ఎట్లా? ప్రారంభకులకు పదార్థ విశ్లేషణలో శిక్షణ ఇచ్చి, చేయి తిరిగిన తరువాత ఒక్కొక్కరికి ఒక్కొక్క సమస్యను అప్పగించేవాడు. ఉదయం ప్రతి విద్యార్థీ నిన్న చేసిన పనిని, నేడు చేయదలచిన పనిని విన్నవించుకోవాలి. లీబిగ్ ఔననేవాడు, లేదా ఆక్షేపించేవాడు. దారి మాత్రం విద్యార్థే వెదుక్కోవాలి. ఒకరి పనిని ఒకరు గమనిస్తూ విద్యార్థులు పరస్పరం నేర్చుకొన్నారు. అధ్యాపక వృత్తిలో అడుగిడినవారికి చెప్పడం కంటె చెప్పకుండా ఆగడమే కష్టమని మా అభిప్రాయం.

1831లో అతడు రూపొందించిన ఐదు బుడ్ల గాజు పరికరం కూడా ఈ పద్ధతికి అక్కరకు వచ్చింది. అందులోని క్షారద్రావణం బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటుంది. ముందూ వెనుకా తూచితే పదార్థంలోని కార్బన్ ఎంతో తెలుస్తుంది. మహామహులకే సాధ్యమైన విశ్లేషణ సామాన్య విద్యార్థికి అందుబాటులోకి వచ్చింది. అక్కడ తయారైన హాఫ్‌మన్ 1845లో లండను రసాయన కళాశాలకు అధిపతి అయినాడు. వాస్తుశిల్పం చదువవచ్చిన కెకూలే లీబిగ్ ఉపన్యాసాలు విని రసాయనశాస్త్రానికి మరలినాడు.

లోపం చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. పైరుకు భూమిలోని ఖనిజ లవణాలు చాలుననీ, నత్రజనిని గాలీ వానా సమకూర్చుతాయనీ లీబిగ్ సిద్ధాంతం. 1840లో గీసెన్‌లో డాక్టరేటు పొందిన గిల్బర్ట్, ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో లాస్‌తో కలిసి గోధుమ చేలలో దీనిని పరీక్షించి, నత్రజని ఎరువు అవసరమని నిరూపించినాడు. స్వయంగా ఆలోచించమని నేర్పిన గురువుకు ఆ ఆలోచన తనపైకే తిరిగినప్పుడు సహనం చాలలేదు. ఏండ్ల తరబడి ఘాటైన వాదాలు సాగించినాడు. 1873లో లీబిగ్ మ్యూనిక్‌లో కన్నుమూసినాడు. గిల్బర్ట్ 1901లో మరణించేవరకు ఆ చేలను విడువలేదు. 1843లో అక్కడ ఆరంభమైన గోధుమ ప్రయోగం నేటికీ సాగుతూనే ఉన్నది.