పేరు దాగిన ఇల్లు

ఇల్లు కట్టించినవారు తమ పేరును గుమ్మముపై చెక్కించుకొనుట కద్దు. తన పేరును ఇంటి పేరులోనే దాచి, తుదకు ఆ యింటికే పరాయిదైన శిల్పి ఐలీన్ గ్రే.

ఆమె 1878లో ఐర్లండు దేశమున ఎన్నిస్కార్తీ పట్టణ సమీపమున జన్మించెను. లండనులో చిత్రలేఖనము నభ్యసించి, పారిసు చేరి, సుగవరా అను జపాను కళాకారునితో కూడి లక్కపని సాధన చేసెను. పొరపై పొర పూసి, ఆరనిచ్చి, నునుపు చేయవలసిన ఆ విద్యకు ఓర్పే పెట్టుబడి. తెరలు, బల్లలు, తివాచీలు రూపొందించి ఆమె ప్రసిద్ధి గాంచెను. వాస్తువిద్యను మాత్రము ఏ పాఠశాలలోను చదువలేదు.

అట్టి ఆమె, నలుబదియేండ్లు దాటిన పిమ్మట, వాస్తుపత్రికా సంపాదకుడును మిత్రుడును అగు జాన్ బదోవిచి ప్రోత్సాహమున ఇల్లు కట్టబూనెను. ఫ్రాన్సు దక్షిణతీరమున, రోక్‌బ్రూన్ వద్ద, సముద్రమున కభిముఖముగా కొండవాలున 1926 మొదలు 1929 వరకు ఆ పని సాగెను.

చదునైన కప్పు, సన్నని స్తంభములు, పొడవైన కిటికీలు ఆనాటి నవీన గృహములలో తరచు కానవచ్చునవే. ఆమె ప్రత్యేకత వేరు. ఎండ ఏ వేళ ఎటు పడునో, గాలి ఎటునుండి వీచునో గమనించి గదుల నమర్చెను. మంచముపై నున్నవారి కందునట్లు ఎత్తు మార్చుకొనదగిన గుండ్రని బల్ల, గోడలో నిమిడిపోవు అరలు, ఇవన్నియు మనిషి అలవాట్లను కొలిచి చేసినవే.

ఆ యింటికి ఇ-1027 అని పేరిడిరి. రోమను లిపిలో ఇ ఐలీను పేరి తొలి అక్షరము. అక్షరక్రమమున 10 జాన్‌ను, 2 బదోవిచిని, 7 గ్రేను సూచించును.

ఇల్లు బదోవిచి సొత్తు. కొంతకాలమునకు ఆమె దానిని విడిచి వెడలిపోయెను. ఉత్తరోత్తర మన చండీగఢ్ నగరమునకు రూపకల్పన చేసిన లె కొర్బుసియే, 1938లో అతిథిగా వచ్చి, ఆమె అనుమతి లేకయే ఆ గోడలపై పెద్ద వర్ణచిత్రములు వేయ నారంభించెను. తన కృతిని పాడుచేసినట్లే ఆమె భావించెను. ఆ మహావాస్తుశిల్పి కీర్తిచ్ఛాయలో ఆమె పేరు మరుగుపడెను. 1965లో ఆయన ఆ తీరముననే ఈదుచు మరణించెను.

1968లో వెలువడిన ఒక వ్యాసము ఆమెను లోకమునకు మరల గుర్తుచేసెను. 1976లో, 98వ యేట, పారిసులో ఆమె కన్నుమూసెను. 2000లో ఫ్రాన్సు ప్రభుత్వము ఆ యింటిని చారిత్రక కట్టడముగా గుర్తించెను. జీర్ణోద్ధరణానంతరము నేడది సందర్శకులకు తెరచియున్నది. ఆ వర్ణచిత్రములు కొన్ని ఇంకను గోడలపై నున్నవి. అయినను ఇప్పుడా యిల్లు ఎవరిదని అడిగినవారికి వచ్చు తొలి సమాధానము ఐలీన్ గ్రే పేరే.