పుస్తకము వ్రాయని చదరంగ గురువు: పాల్ మార్ఫీ

1858వ సంవత్సరమున ఒకనాటి రాత్రి పారిస్ నగరపు సంగీత నాటకశాలలో ప్రదర్శన జరుగుచుండగా, బ్రన్స్విక్ ప్రభువు తన ప్రత్యేక ప్రకోష్ఠమునకు చదరంగపు బల్ల తెప్పించెను. ఒక ప్రక్క ఆ ప్రభువును, ఆయన మిత్రుడు ఇజువార్ ప్రభువును కూడబలుకుకొని ఆడుటకు కూర్చుండిరి. రెండవ ప్రక్క 21 ఏండ్ల అమెరికా యువకుడు ఒక్కడే. అతడు సంగీతప్రియుడు, కాని అతనికి చూపిన ఆసనము రంగస్థలమునకు వీపు త్రిప్పి యుండెనని చెప్పుదురు. ఆట త్వరగా ముగిసిననే గాని నాటకము చూచుటకు వీలు లేదు. 17 ఎత్తులలో ఆట కట్టెను. ఆ రాత్రి గాయకులు పాడిన నాటకమేదియో నేటికిని వాదములో నున్నది గాని, ఆ 17 ఎత్తులలో ఒక్కటియు మరుగున పడలేదు.

ఆ యువకుడే పాల్ మార్ఫీ. 1837 జూన్ 22న అమెరికా దక్షిణభాగమున, లూయిజియానా రాష్ట్రములోని న్యూ ఆర్లియన్స్ నగరమున జన్మించెను. తండ్రి అలోంజో న్యాయవాదిగా ప్రసిద్ధి కెక్కి, రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమున న్యాయమూర్తి అయ్యెను. తల్లి ఫ్రెంచి సంతతికి చెందినది, సంగీతమున దిట్ట. తండ్రియు, పినతండ్రి ఎర్నెస్టును తీరిక దొరికినప్పుడెల్ల చదరంగమాడుచుండ, బాలుడు ప్రక్కన నిలిచి చూచి చూచి ఆట నేర్చెను. ఎవరును కూర్చుండబెట్టి నేర్పలేదు.

1850లో యోహాన్ లోవెంతాల్ అను హంగరీ దేశీయుడు న్యూ ఆర్లియన్స్‌కు వచ్చెను. 1848 నాటి విప్లవము విఫలము కాగా స్వదేశము విడిచిన శరణార్థి అతడు. ఐరోపాలో పేరుమోసిన ఆటగాడు. పన్నెండేండ్ల పిల్లవానితో ఆడుమన్నప్పుడు అతడు దానిని వినోదముగానే తలచి యుండును. పిల్లవాడు గెలిచెను. ఈ లోవెంతాల్ మార్ఫీ కథలోనికి మరల మరల వచ్చును.

మార్ఫీ మనసు మాత్రము న్యాయశాస్త్రముపై నుండెను. అలబామాలోని స్ప్రింగ్ హిల్ కళాశాలలో 1854లో పట్టము పొంది, మరియొక యేడు అక్కడనే గణితమును, తత్త్వశాస్త్రమును చదివెను. 1857 ఏప్రిల్‌లో లూయిజియానా విశ్వవిద్యాలయమున న్యాయపట్టము చేతికి వచ్చెను. రాష్ట్రపు పౌరస్మృతి నంతటిని కంఠస్థము చేసెనని ప్రతీతి. అయితే వకీలుగా పని చేయుటకు 21 ఏండ్లు నిండవలెను. అతనికి ఇంకను 20 నిండలేదు. చదువు ముగిసి, వృత్తి ఆరంభము కాని ఆ ఖాళీ కాలమే చదరంగమునకు దక్కినది. మార్ఫీ కీర్తి యంతయు దాదాపు ఆ రెండేండ్లలోనిదే.

1857లో న్యూయార్కున జరిగిన ప్రథమ అమెరికన్ చదరంగ సభలో అతడు అందరిని జయించెను. తుదిపోరులో ఎదురైన వాడు లూయీ పౌల్సెన్. గడియారము పెట్టి ఆడు నియమము లేని కాలమది. పౌల్సెన్ ఒక్కొక్క ఎత్తుకు అంతులేని కాలము తీసికొనెడివాడు. వారి ఆరవ ఆటలో మార్ఫీ తన మంత్రిని శకటు కొరకు విడిచెను. చూచినవారు పొరపాటనుకొని యుందురు. కాని అంతకు పూర్వమే మార్ఫీ మంత్రి పౌల్సెన్ సేనకు అడ్డుగా నిలిచి, దానిలో సగమును కదలనీయక యుంచెను. కదలని సేన లెక్కకే గాని యుద్ధమునకు రాదు.

మరుసటి యేడు వేసవిలో అతడు ఇంగ్లండునకు ఓడ యెక్కెను. అక్కడి ఆటగాళ్లలో అగ్రగణ్యుడైన హోవర్డ్ స్టాంటన్‌తో పోరు కోరి వెళ్లెను. స్టాంటన్ నేడు రేపని కాలము గడపెను, పోరు జరుగనే లేదు. లోవెంతాల్ మాత్రము నిలిచి ఆడెను. మార్ఫీ 9 ఆటలు గెలిచి, 3 ఓడెను. రెండు సమముగా ముగిసెను. గెలిచిన పందెపు సొమ్మును మించిన వెలతో గృహోపకరణములు కొని లోవెంతాల్ క్రొత్త ఇంటికే కానుకగా పంపెను. చదరంగము తనకు వినోదమే గాని జీవనోపాధి కాదని నిరూపించుకొనుటలో అతనికి అంత పట్టుదల.

పారిస్‌లో హర్విట్జ్‌తో మొదటి రెండాటలు ఓడి, పిమ్మట పోరునే గెలిచెను. అదే సెప్టెంబరులో కఫే ద లా రెజాంస్ అను కాఫీశాలలో బల్లలు చూడకయే ఎనిమిది మందితో ఒకేసారి, పది గంటల సేపు ఆడి, ఆరుగురిని ఓడించి, ఇద్దరితో సమముగా నిలిచెను. చదరంగమును అవధానాంశముగా ఎరిగిన తెలుగువారికి ఇది ఎంతటి ధారణయో వేరుగా చెప్పనక్కరలేదు.

డిసెంబరులో వచ్చినవాడు అడాల్ఫ్ ఆండర్సన్. బ్రెస్లా నగరములోని పాఠశాలలో గణితోపాధ్యాయుడు. 1851లో లండన్ పోటీని గెలిచిన వీరుడు. క్రిస్మస్ సెలవులు దొరికిన పిదపనే పారిస్ ప్రయాణము కట్టెను. మార్ఫీ అప్పుడే జబ్బు పడి లేచి యుండెను. 7 ఆటలు మార్ఫీవి, 2 ఆండర్సన్‌వి, 2 సమము. పావులను బలియిచ్చి మెరుపువలె దాడి చేయుటలో ఆండర్సన్ ఎవరికిని తీసిపోడు. మరి మార్ఫీ ఆధిక్యమెచ్చట? దానికి సమాధానము నాటకశాల ఆటలోనే దొరకును.

ఆ ఆటలో ప్రత్యర్థులు మూడవ ఎత్తుననే శకటును నడిపి మార్ఫీ గుర్రమును కట్టివేసిరి. మరుసటి ఎత్తునకే, బంటు పోకుండుటకు, ఆ శకటును గుర్రముతో మార్చుకొనవలసి వచ్చెను. దానివలన మార్ఫీ మంత్రి శ్రమలేక బయటికి వచ్చి, ఏడవ ఎత్తున ఒక్క గడినుండి రెండు బంట్లపై గురిపెట్టెను. రాజు ప్రక్కనున్న బంటును కాపాడుటకు వారు తమ మంత్రిని రాజు ముందు నిలిపిరి. దానితో వారి రెండవ శకటునకు దారి మూసికొనిపోయెను. ఇంకొక బంటు కాపులేక నిలిచెను. మామూలు ఆటగాడు దానిని వెంటనే తినును. తినినచో వారు మంత్రికి మంత్రిని మార్చుకొని, బంటు పోయినను ఊపిరి పీల్చుకొందురు. మార్ఫీ దానిని ముట్టక, రెండవ గుర్రమును దించెను.

విద్యార్థి ఎక్కువసేపు నిలిచి చూడవలసినది ఈ ఎనిమిదవ ఎత్తు. చివరి బలి కాదు. బంటును తినుటయు లాభమేయని నేటి గణకయంత్రములు చూపును. కాని మార్ఫీ ఎంచుకొన్నది కాలము. పిమ్మట రెండవ శకటు వచ్చెను. పదవ ఎత్తున ఒక గుర్రమును రెండు బంట్లకు విడిచి ప్రత్యర్థి రాజును నడుమనే పట్టి యుంచెను. కోట కట్టుకొనగానే ఆ ఒక్క ఎత్తుతో ఏనుగు పోరుబాటలో నిలిచెను. ఆ ఏనుగును బలియిచ్చి, దాని చోటికి రెండవ ఏనుగును తెచ్చెను. పదునారవ ఎత్తున మంత్రినే సమర్పించెను. దానిని తినుటకు కదలిన గుర్రము బాట విడువగా, ఏనుగు తిన్నగా లోనికి చొచ్చి ఆట కట్టెను. అప్పటికి మార్ఫీకి బంట్లు గాక మిగిలినవి ఒక ఏనుగు, ఒక శకటు. ప్రత్యర్థులకు మంత్రి, గుర్రము, ఏనుగు, శకటు అన్నియు కలవు. అందు ఆ ఏనుగును, శకటును మొదట నిలిపిన గడులనుండి ఒక్కసారియు కదలలేదు.

1859లో అతడు స్వదేశమునకు మరలగా న్యూయార్కున ఘనసత్కారములు జరిగెను. బంటును, మొదటి ఎత్తును ఎదుటివారికి విడిచి ఎవరితోనైనను ఆడెదనని ప్రకటించెను. ఎవరును ముందుకు రాలేదు. కొంతకాలము న్యూయార్క్ లెడ్జర్ పత్రికలో, 1834లో లాబూర్దొనే, మెక్‌డొనెల్ ఆడిన ఆటలకు వ్యాఖ్య వ్రాసెను. తన ఆటలకు మాత్రము తాను గ్రంథము కూర్చలేదు. ఆ పని 1860లో లండన్‌లో చేసినవాడు రెండుమారులు అతని చేత ఓడిన లోవెంతాలే.

పిమ్మట 1861లో అంతర్యుద్ధము వచ్చెను. మార్ఫీ హవానాకును, పారిస్‌కును పోయి మరల ఇల్లు చేరెను. న్యాయవాదవృత్తి ఎన్నడును నిలదొక్కుకొనలేదు. గదిలోనికి వచ్చినవారు వకీలును గాక చదరంగవీరుని చూడగోరిరని చెప్పుదురు. అతడు ఆటను విడిచెను. పిదప దాని ప్రసంగమును సైతము సహింపలేదు. 1875 ప్రాంతమున మనోవ్యాధి పైకి తేలెను. తనవారే తనకు కీడు తలపెట్టుచున్నారని అనుమానించెను. 1883లో విల్‌హెల్మ్ స్టైనిట్జ్ న్యూ ఆర్లియన్స్‌కు వచ్చి అతనిని కలిసికొనెను. మార్ఫీ ఆటలలో ప్రతిభగా కనిపించిన దానిని నియమములుగా విప్పి చెప్పనెంచిన పండితు డతడు. అడుగదలచిన ప్రశ్నలెన్ని యుండెనో. ఆ స్వల్ప సమాగమమున చదరంగపు మాట మాత్రము జరుగలేదు.

1884 జూలై 10న మార్ఫీ మధ్యాహ్నపు టెండలో తిరిగి వచ్చి స్నానమునకు దిగి, ఆ తొట్టిలోనే ప్రాణము విడిచెను. వయస్సు 47. రెండేండ్లకు, 1886లో, ప్రపంచ విజేత బిరుదు కొరకు స్టైనిట్జ్‌కును, జూకర్‌టార్ట్‌కును జరిగిన పోరు న్యూయార్కున ఆరంభమై, సెయింట్ లూయిస్ మీదుగా సాగి, మార్చి మాసాంతమున న్యూ ఆర్లియన్స్‌లో ముగిసెను. గెలిచినవాడు స్టైనిట్జ్.