కృపను కీర్తించిన కవి – పురుషోత్తమ చౌదరి

విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్ నిత్యమూ క్రయవిక్రయాలతో కళకళలాడుతూ ఉంటుంది. ఇచ్చిన సొమ్ముకు తగిన సరుకు, తూచిన సరుకుకు తగిన వెల – ఇది అంగడి న్యాయం. ముక్తి విషయంలో కూడా మానవుడు తరచు ఈ న్యాయాన్నే నమ్ముకుంటాడు. ఇంత పుణ్యానికి ఇంత ఫలం అని లెక్క కట్టుకుంటాడు. ఆ లెక్కకు అందని అనుగ్రహం ఒకటి ఉన్నదని విశ్వసించి, దానికోసం కన్నవారినీ కలిమినీ వదులుకోవడానికి సిద్ధపడి, ఆ అనుగ్రహాన్ని తెలుగు కీర్తనలుగా గానం చేసిన భక్తకవి పురుషోత్తమ చౌదరి. పూర్ణా మార్కెట్‌కు చేరువలోని పాత విశాఖపట్నానికి ఆయన జీవితంతో సంబంధం ఉంది.

పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో జన్మించాడు. ఈ ప్రాంతం నేడు ఒడిశా రాష్ట్రంలో ఉంది. తల్లిదండ్రులు సుభద్ర, కూర్మనాథ చౌదరి. వారిది వంగదేశం నుండి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం. తెలుగు, ఒరియా భాషలు కలిసి ప్రవహించే సీమలో పెరిగిన ఆ బాలునికి భాషాభిమానమూ, భక్తిప్రవృత్తీ రెండూ అబ్బాయి. యుక్తవయస్సులో రాధామణిని వివాహమాడి గృహస్థుడయ్యాడు.

సంప్రదాయ నిష్ఠ గల ఇంట పుట్టినవాడికి గౌరవానికి లోటు లేదు. అయితే పుట్టుకతో వచ్చిన ఆ గౌరవం ఆయన మనస్సుకు శాంతినీయలేదు. తాను చేసిన పాపాన్ని తానే ఎలా కడుక్కోగలడు? ఎంత పుణ్యం చేస్తే చాలునని ఎవరు చెప్పగలరు? ఈ జిజ్ఞాసలో ఉన్న కాలంలో ఒక క్రైస్తవ కరపత్రం ఆయన చేతికి వచ్చింది. దాన్ని చదివి, ఆలోచించి, పిదప బైబిలును అధ్యయనం చేశాడు.

ఆ గ్రంథంలో ఆయనకు దర్శనమిచ్చిన భావం కృప. క్రైస్తవ సిద్ధాంతం ప్రకారం పాపం మానవుణ్ణి దేవునికి దూరం చేస్తుంది. ఆ దూరాన్ని మానవుడు తన పుణ్యకార్యాలతో దాటలేడు. దేవుడే క్రీస్తు రూపంలో దిగివచ్చి, సిలువపై తన ప్రాణాన్ని అర్పించి, మానవుణ్ణి తనతో సమాధానపరచుకుంటాడు. మానవుడు చేయవలసినది పశ్చాత్తాపంతో, విశ్వాసంతో ఆ వరాన్ని అందుకోవడమే. క్రీస్తు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథలో ఆస్తినంతా పాడుచేసుకొని తిరిగివచ్చిన కొడుకును తండ్రి లెక్కలు అడగడు. దూరం నుండే చూచి, ఎదురుగా పరుగెత్తి అక్కున చేర్చుకుంటాడు. వైష్ణవ సంప్రదాయంలోని మార్జాల కిశోర న్యాయం ఎరిగినవారికి ఈ భావం పూర్తిగా కొత్తది కాదు. పిల్లికూన తల్లిని పట్టుకోదు. తల్లే కూనను నోట కరచుకొని గమ్యం చేరుస్తుంది. రెండు దర్శనాలు వేరైనా, రక్షించే భారం రక్షకునిదేనన్న మాట రెండింటిలోనూ వినిపిస్తుంది.

1833లో కటకంలో పురుషోత్తమ చౌదరి బాప్తిస్మం పొందాడు. కృప వెల లేనిదే కాని, దాన్ని స్వీకరించినందుకు ఆయన చెల్లించిన వెల తక్కువది కాదు. ఆ రోజులలో మతం మారినవాడు కులానికి వెలి అయ్యేవాడు. పిత్రార్జితంపై హక్కును కూడా కోల్పోయేవాడు. ఆ హక్కును కాపాడే చట్టం 1850లో గాని రాలేదు. పంక్తిలో చోటు, బంధువుల ఆదరణ, ఇంటి ఆస్తి – వీటన్నింటికీ దూరం కాగలనని తెలిసే ఆయన ఆ అడుగు వేశాడు. తరువాత రాధామణి కూడా భర్త విశ్వాసాన్ని స్వీకరించింది. దేవునితో సమాధానాన్ని అన్వేషించిన ఆయనకు భార్య ఆ బాటలో తోడు రావడం గొప్ప ఊరట.

బాప్తిస్మానంతరం ఆయన సువార్త సేవకు అంకితమయ్యాడు. అప్పటికే విశాఖపట్నం తెలుగు క్రైస్తవ సాహిత్యానికి పుట్టినిల్లుగా ఉండేది. 1805లో లండన్ మిషను పక్షాన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అక్కడికి వచ్చి, ఆనందరాయర్ అనే పండితుని సహాయంతో బైబిలును తెలుగులోకి అనువదించడం ప్రారంభించారు. వారిద్దరూ కొద్ది సంవత్సరాలకే మరణించినా పని ఆగలేదు. 1812లో మూడు సువార్తలు, 1818లో కొత్త నిబంధన అచ్చయ్యాయి. అయితే గ్రంథం అచ్చయినంత మాత్రాన ప్రజల హృదయాలను చేరదు. చదువు రానివారే అధికంగా ఉన్న ఆ కాలంలో వారిని చేరగలిగినది పాట. 1830ల మధ్యలో విశాఖపట్నం వచ్చి లండన్ మిషనువారితో కలిసి పనిచేసిన పురుషోత్తమ చౌదరి పాటను తన సాధనంగా చేసుకున్నాడు.

తెలుగువారికి అన్నమయ్య, రామదాసు వంటి వాగ్గేయకారులు పెట్టిన భిక్ష ఉంది. పురుషోత్తమ చౌదరి పరాయి బాణీలను అరువు తెచ్చుకోక, పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలతో కూడిన దేశీయ కీర్తన మార్గాన్నే అనుసరించాడు. ఆయన రచించిన కీర్తనలు నూటికి పైగా ఉన్నాయి. అవి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో చోటు చేసుకొని, నేటికీ ఆరాధనలలో వినిపిస్తున్నాయి. వాటిలో తన అయోగ్యతను తలచుకొనే దైన్యం, క్షమ పొందిన ఆనందం పక్కపక్కనే నిలుస్తాయి. ‘యేసుక్రీస్తు ప్రభు శతకము’, ‘నిస్తార రత్నాకరము’, ‘కులాచార పరీక్ష’ ఆయన ఇతర రచనలు. నిస్తారమంటే దాటడం, విముక్తి పొందడం. జీవితమంతా ఆయనను వెంటాడిన ప్రశ్న, ఆయనకు దొరికిన సమాధానం రెండూ ఆ ఒక్క పదంలో ఇమిడి ఉన్నాయి. అగ్రవర్ణంలో పుట్టినవాడు కులాచారాన్ని పరీక్షకు పెట్టడం కూడా కృపాభావం నుండి ప్రభవించినదే. వరం అందరికీ ఉచితమైనప్పుడు పుట్టుకను బట్టి హెచ్చుతగ్గులు ఎలా నిలుస్తాయి?

కళింగాంధ్ర తీరంలోనూ, ఒరియా సీమలోనూ దశాబ్దాల పాటు సేవ చేసిన పురుషోత్తమ చౌదరి 1890లో పరమపదించాడు. క్రైస్తవ పదకవితా పితామహుడని తెలుగు సాహిత్యలోకం ఆయనను గౌరవించింది. మతం మారినా ఆయన భాషను మార్చుకోలేదు, సంగీతాన్ని విడిచిపెట్టలేదు. తాను నమ్మిన సత్యాన్ని నేర్చిన తెలుగులోనే నివేదించాడు. తాను సంపాదించినది కాదని, తనకు లభించినదని భావించిన శాంతిని చివరివరకు ఇతరులకు పంచాడు. పొందిన వరానికి ఆయన చూపిన కృతజ్ఞత అదే.