ఆయుధశిల్పి బ్రౌనింగు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల, కృష్ణకు ఆవలి ఒడ్డున వనపర్తి, ఈ రెండు సంస్థానములును కవిపండితులకు ఆశ్రయములైనవని తెలుగువా రందఱు నెఱుగుదురు. పందొమ్మిదవ శతాబ్దమున నిజాము రాజ్యములో తుపాకులు చేయు తావులుగా కూడ ఈ రెండు పట్టణములకు పేరుండెనని యెఱిగినవారు కొలదిమంది. గొట్టపు మూతినుండి మందు కూరి, గుండు దిగవేసి, బిగియ దట్టించి పేల్చు తుపాకుల కాలమది. ఒక పేలుపునకు ఒకటే గుండు. నాగరుకర్నూలు సీమలోని అమ్రాబాదు అడవులలో విల్లు పట్టిన చెంచు వేటగానికి అమ్ము గుఱి తప్పెనేని, మఱియొకటి సంధించునంతలో మెకము మాయమగును. మందు కూరవలసిన తుపాకివానికి ఈ జాగు ఇంకను హెచ్చు.

ఈ జాగును తొలగించుటకు జీవితమంతయు ధారపోసినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగు. ఒక ఆయుధమున ఎన్ని తూటాలు పట్టవలెనను ప్రశ్న నేటికిని అనేక దేశముల శాసనసభలలో చర్చకు వచ్చుచున్నది. ఆ ప్రశ్న ఎట్లు పుట్టినదో తెలియవలెనన్న ఇతని చరిత్ర తెలియవలెను.

బ్రౌనింగు 1855 జనవరి 23వ తేదీన అమెరికాలో యూటా ప్రాంతపు ఆగ్డెన్ గ్రామమున జన్మించెను. తండ్రి జోనాథన్ తుపాకులు చేయు కమ్మరి. ఐదు గుండ్లు పట్టు ఇనుపకడ్డీ యొకటి తుపాకి గొట్టము వెనుక అడ్డముగా జరుగునట్లు ఆయన ఒక ఆయుధమును చేసియుండెను. ఒక్కొక్క పేలుపు తరువాత ఆ కడ్డీని చేతితో ముందునకు జరుపవలెను. కుమారుడు ఆ కొలిమి ప్రక్కనే పెరిగెను. పదియేండ్ల ప్రాయమున, తండ్రి పారవైచిన తుక్కుతో ఒక తుపాకిని కూర్చెనని చెప్పుదురు.

1879లో తండ్రి గతించెను. ఆ యేడే కుమారుడు తన మొదటి తుపాకికి పేటెంటు పొందెను. సోదరులతో కలిసి ఒక చిన్న కర్మాగారము నెలకొల్పి దానిని చేసి అమ్ముచుండగా, 1883లో వించెస్టరు కంపెనీ అధికారి స్వయముగా ఆగ్డెన్‌కు వచ్చి, ఎనిమిదివేల డాలర్లకు ఆ హక్కులు కొనెను. తరువాత రెండు దశాబ్దములకు చేరువగా ఆ కంపెనీ బ్రౌనింగు కల్పనలతో వర్ధిల్లెను. కాగితముపై పటములు గీయుటకంటె ఇనుమును ఆకురాయితో రాచి నమూనా చేయుటయే అతనికి ఇష్టము.

1889లో ఒకనాడు తుపాకి పేలినపుడు ఎదుటనున్న గడ్డి వాయువేగమునకు వంగుటను అతడు చూచెను. వ్యర్థముగా పోవుచున్న ఆ శక్తిచేతనే తుపాకి తనంతట తాను మరల నిండునట్లు చేయరాదా యని ఆలోచించెను. ఆ ఆలోచననుండి 1895 నాటి కోల్టు మరతుపాకి పుట్టినది. పిమ్మట అతని దృష్టి పిస్తోలుపై పడెను. 1897లో బెల్జియములోని లియేజి నగర సమీపముననున్న ఎఫ్. ఎన్. కర్మాగారముతో ఒడంబడిక కుదిరెను.

పిడిలో తూటాల పెట్టె నమర్చుట బ్రౌనింగు కనిపెట్టినది కాదు. బోర్హార్టు అను జర్మను అంతకుముందే దానిని చేసియుండెను. అయినను దానిని సామాన్యుని జేబులో ఇముడునట్లు చేసినవాడు బ్రౌనింగే. పెట్టెలో తూటాలు ఒకదానిపై నొకటి నిలుచును. అడుగున నున్న తీగచుట్ట వానిని పైకి నెట్టుచుండును. పేలినపుడు పై తొడుగు వెనుకకు పోయి కాలిన డొల్లను విసరివేసి, తిరిగి వచ్చుచు పైతూటాను గొట్టములోనికి త్రోయును. ఈ యమరికలో తప్పించుకొనరాని లెక్క యొకటి కలదు. పెట్టె పొడవు పిడి పొడవును మించరాదు. పిడి కురుచయైన కొలది దాచుట సులభము, తూటాలు తక్కువ. తూటా లావైనను అంతే.

7.65 మిల్లీమీటర్ల కొలత గల అతని 1900 నాటి పిస్తోలులో ఏడు తూటాలు పట్టును. అదే కొలత గల 1903 నాటి కోల్టులో ఎనిమిది. చొక్కా జేబులో నిముడు మిక్కిలి చిన్నదానిలో ఆరు. 1911లో అమెరికా సైన్యము స్వీకరించిన పెద్ద పిస్తోలులో సైతము ఏడే. పరీక్షలో అది ఆరువేల సారులు పేల్చినను తడబడలేదు. తూటాల సంఖ్యకంటె తడబడకుండుటయే ముఖ్యమని బ్రౌనింగు పనితనము చాటుచున్నది.

1914 ఆరంభమున ఎఫ్. ఎన్. కర్మాగారము పదిలక్షల పిస్తోళ్లు పూర్తియైన సందర్భమున ఉత్సవము జరిపెను. బెల్జియము రాజు బ్రౌనింగును బిరుదుతో సత్కరించెను. ఆ యేడే జూన్ 28వ తేదీన సరాయెవో నగరమున గావ్రిలో ప్రిన్సిప్ అను యువకుడు ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను కాల్చిచంపెను. అతని చేతిలోనిది బ్రౌనింగు 1910లో రూపొందించిన చిన్న పిస్తోలు. దాని పెట్టెలో పట్టునవి ఆరు తూటాలు. అతడు పేల్చినవి రెండు. ఆగస్టులో జర్మను సేనలు లియేజిపై బడెను. ఉత్సవము జరుపుకొన్న కర్మాగారమే శత్రువశమయ్యెను.

యుద్ధానంతరము ఫ్రెంచి సైన్యము ఎక్కువ తూటాలు పట్టు పిస్తోలును కోరినపుడు, బ్రౌనింగునకు తొలుత ఆ పనియందు ఆసక్తి కలుగలేదని చెప్పుదురు. ఎఫ్. ఎన్. లోని శిల్పి ద్యుదొన్నె సైవు తూటాలను రెండు వరుసలుగా, ఒకదాని సందున నొకటి వచ్చునట్లు పేర్చు పెట్టెను చేసి చూపెను. పిడి పొడవు పెరుగలేదు, మందము కొంచెము పెరిగెను. దానికి తగిన పిస్తోలును బ్రౌనింగు రూపొందించెను గాని, పని ముగియలేదు. 1926 నవంబరు 26వ తేదీన ఆ కర్మాగారములోనే గుండె ఆగి మరణించెను. అప్పటికి అతని పేర 128 పేటెంట్లు కలవు. సైవు పూర్తిచేయగా, పదమూడు తూటాల ఆ పిస్తోలు 1935లో వెలువడెను.

తరువాత లోకము ఈ సంఖ్యను పెంచుకొనుచు పోయినది, పిమ్మట దానికి కళ్లెము వేయజూచినది. 1994లో అమెరికా ప్రభుత్వము సామాన్యులకు అమ్ము క్రొత్త పెట్టెలలో పది తూటాలకు మించరాదని శాసించెను. 2004లో ఆ శాసనము గడువు తీరినను, కొన్ని రాష్ట్రములలో అట్టి హద్దులు ఇంకను కలవు. అట్టిచోట్ల పిస్తోలు కొనువారికి రెండు మార్గములు. పెద్ద పెట్టెలోపల అడ్డుదిమ్మ పెట్టి సంఖ్య తగ్గించినది యొకటి. సహజముగనే కురుచైనది వేరొకటి. మొదటిదానితో చేతికి నిండైన పట్టు దొరకును, దాచుట కష్టము. రెండవదానితో దాచుట సులభము, చిటికెనవ్రేలికి ఆధారము కఱవగును. ఏది యెన్నుకొన్నను, తీగచుట్ట తూటాను తడబడక పైకెత్తుచున్నదా యని ముందుగా చూడవలెను. ఇది బ్రౌనింగు నాటి లెక్కయే.

మన దేశమునకును ఈ చరిత్రతో సంబంధము కలదు. బ్రౌనింగు కల్పించిన 7.65 మిల్లీమీటర్ల తూటాయే నేటికిని ఇక్కడ లైసెన్సు పొందినవారి పిస్తోళ్లలో వాడుకలో నున్నది. 1931 ఫిబ్రవరి 27వ తేదీన అలహాబాదు ఉద్యానమున పోలీసులు చుట్టుముట్టినపుడు చంద్రశేఖర ఆజాదు చేతనున్నది బ్రౌనింగు రూపొందించిన 1903 నాటి కోల్టు. ఎనిమిది తూటాల పెట్టె గల ఆ ఆయుధము అలహాబాదు మ్యూజియములో భద్రముగా నున్నది. పట్టుబడరాదని వ్రతము పూనిన ఆజాదు చివరి తూటాను తనకే మిగుల్చుకొనెనని జనులు చెప్పుకొందురు. సరాయెవోలో రెండు తూటాలు లోకమును యుద్ధమున ముంచెను. అలహాబాదులో ఒక్క తూటా ఒక వీరుని మాట నిలిపెను. రెండు చోట్లను లెక్కకు వచ్చినది పెట్టెలోని సంఖ్య కాదు.

బ్రౌనింగు దేహమును సముద్రము దాటించి స్వదేశమునకు గొనిపోయి, తండ్రి కొలిమి వెలిగిన ఆగ్డెన్‌లోనే సమాధి చేసిరి.