అడవిగుఱ్ఱముల ఆనీ

లోకమున కీర్తి గడించినవారందఱును రాజ్యములేలినవారు కారు; యుద్ధములు గెలిచినవారును కారు. దుర్బలమైన దేహముతో, ఒక కచేరీలో గుమాస్తా పని చేసికొనుచు, నోరులేని మృగములకొఱకు ఇరువదియేడేండ్లు పాటుపడిన యొక వనిత చరిత్రమును మా పాఠశాల బాలబాలికలకు సంగ్రహముగా చెప్పదలచితిమి. ఆమె పేరు వెల్మా జాన్‌స్టన్. లోకము ఆమెను వైల్డ్ హార్స్ ఆనీ, అనగా అడవిగుఱ్ఱముల ఆనీ, యని పిలిచెను.

వెల్మా 1912వ సంవత్సరము మార్చి 5వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలో నెవాడా రాష్ట్రమందలి రీనో నగరమున జన్మించెను. ఆమె తండ్రి శిశువుగా నున్నప్పుడు, ఎడారి దాటుచున్న బండిలో పాలు దొరకక, ఒక అడవిగుఱ్ఱపు పాలతో ప్రాణము నిలుపుకొనెనని ఆ యింట చెప్పుకొనెడివారు. పదునొకండవ యేట వెల్మాకు పోలియో వ్యాధి సోకెను. ఆమెను శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ఆసుపత్రికి చేర్చిరి. అచ్చట ఆమె పెక్కు నెలలు ప్లాస్టరు కట్టులో కదలక పడియుండవలసి వచ్చెను. ప్రాణము దక్కెను గాని ముఖము వంకరపోయెను. బాధ యామెను జీవితాంతము విడువలేదు. తోటిపిల్లల పరిహాసమునకు గుఱియైన యా బాలిక జంతువుల చెలిమిలో ఊరట పొందెను. కదలలేక బంధింపబడుట యెట్టిదో ఆమె బాల్యముననే యెఱిగెను.

పెరిగి పెద్దదై ఆమె రీనోలో ఒక భీమా వ్యాపారి కచేరీలో కార్యదర్శినిగా చేరెను. చార్లీ జాన్‌స్టన్ అను నతనిని వివాహమాడి, పట్టణమునకు దూరముగా పశుక్షేత్రమున కాపురముండెను.

ఆ దేశపు అడవిగుఱ్ఱములను గూర్చి రెండు మాటలు చెప్పవలయును. గుఱ్ఱపు జాతి పూర్వము ఉత్తర అమెరికా ఖండముననే పుట్టి, సుమారు 10,000 సంవత్సరముల క్రిందట అచ్చట నశించెను. 1519లో స్పెయిను దేశస్థులు వానిని మరల ఓడలపై మెక్సికోకు తెచ్చిరి. తప్పించుకొనిపోయినవియు, యజమానులు విడిచినవియు మైదానములలో పెరిగి మందలాయెను. వానినే మస్టాంగులందురు. ఒక్కొక్క చిన్న మందను ఒక మగగుఱ్ఱము కాచుచుండును. అది ముసలిదైనప్పుడు పడుచు గుఱ్ఱమొకటి పోరాడి దానిని వెడలగొట్టును. అంతట పండ్లరిగి, మేను చిక్కి, ఆ ముదుసలి యొంటరిగా తిరుగుచు తన చలికాలములను లెక్కపెట్టుకొనును. ఇది ప్రకృతి ధర్మము. ఇందు క్రూరత్వము లేదు. క్రూరత్వము మనుష్యుని వెంట వచ్చెను.

1950లో ఒకనాటి యుదయము వెల్మా కచేరీకి పోవుచుండగా, ముందు పోవుచున్న లారీనుండి నెత్తురు కారుట చూచెను. దాని వెంబడి పోయి చూడగా, లోపల గాయపడిన అడవిగుఱ్ఱములు క్రిక్కిఱిసి యుండెను. ఒక పిల్ల వాని కాళ్లక్రింద నలిగిపోయెను. వానిని వధ్యశాలకు కొనిపోవుచుండిరి. పెంపుడు జంతువుల ఆహారముకొఱకు వాని మాంసము అమ్ముడుపోవుచుండెను.

ఆమె విచారింపగా సంగతులన్నియు తెలిసెను. వేటగాండ్రు విమానములపై తక్కువ ఎత్తున ఎగురుచు, తుపాకులు పేల్చి మందలను కొండలనుండి మైదానమునకు తఱిమెడివారు. అచ్చట లారీలపై నుండి ఉచ్చులు వేసి, త్రాటి కొసలకు బరువైన టైర్లు కట్టి, గుఱ్ఱములు వానిని ఈడ్చి యీడ్చి కూలునంతవఱకు విడిచెడివారు. పిల్లలును ముసలివియు ముందుగా పడిపోయెడివి. మైదానములందలి గడ్డి తమ పశువులకే చాలదని తలచువారికి ఈ పని సమ్మతమే.

వెల్మా మొదట తన యూరివారిని కూడగట్టెను. 1952లో స్టోరీ కౌంటీ విమానములతో గుఱ్ఱములను పట్టుట నిషేధించెను. 1955లో నెవాడా రాష్ట్రమే అట్టి శాసనము చేసెను గాని, కేంద్ర ప్రభుత్వపు భూములకు అది వర్తింపలేదు; మందలు తిరుగునది ముఖ్యముగా ఆ భూములలోనే. ప్రతిపక్షులు ఆమెను ఎగతాళి చేయుటకై అడవిగుఱ్ఱముల ఆనీ యని పేరుపెట్టిరి. ఆమె కోపింపక దానినే తన పేరుగా ధరించెను.

పగలు కచేరీ పని, రాత్రి టైపు యంత్రము ముందు ఉత్తరములు: ఇదియే ఆమె జీవితమాయెను. ఆమె పిలుపు విని దేశమందలి పాఠశాలల బాలబాలికలు తమ ప్రతినిధులకు వేలకొలది జాబులు వ్రాసిరి. నెవాడా ప్రతినిధి వాల్టర్ బేరింగ్ ప్రవేశపెట్టిన బిల్లు 1959 సెప్టెంబరు 8వ తేదీన శాసనమాయెను. విమానములతోను, మోటారు వాహనములతోను వేటాడుటయు, నీటి మడుగులను కలుషితము చేయుటయు దానిచే నిషిద్ధమయ్యెను. ఐనను గుఱ్ఱములకు పూర్తి రక్షణ కలుగలేదు. 1964లో భర్త మరణించినను ఆమె పని మానలేదు. మరల బాలుర జాబులు వెల్లువగా పోయెను. 1971 డిసెంబరు 15వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ రెండవ శాసనముపై సంతకము చేసెను. కేంద్ర భూములలో అడవిగుఱ్ఱములను, అడవిగాడిదలను చంపుటయు, పట్టుటయు, బాధించుటయు నేరమాయెను. ముసలివై, రోగముచే బాధపడు వానికి చివరి గడియ బాధలేకుండ రావలెనని కూడ అందు విధించిరి.

1977 జూన్ 27వ తేదీన ఆమె క్యాన్సరు వ్యాధిచే రీనోలో మరణించెను.

ఆమె తరువాత చిక్కులు తీరెనని మేము చెప్పజాలము. రక్షణ దొరకిన మందలు పెరిగెను; గడ్డియు నీరును అందఱికి చాలవలెను గదా. మిగులు గుఱ్ఱములను దయగల గృహస్థులకు పెంపకమునకిచ్చు పద్ధతి 1973లో మొదలిడిరి. దూరమునుండి సూదిమందు వేసి ఈతలు తగ్గించు విధానమును తరువాత కనుగొనిరి. ఐతే 2004లో శాసనమును సవరించి, పదేండ్లు దాటిన గుఱ్ఱములను ఏ నిర్బంధమును లేక అమ్మవచ్చుననిరి. మఱుసటి యేడే అట్లు అమ్మబడిన కొన్ని వధ్యశాలకు చేరగా, ప్రజలు గగ్గోలుపెట్టిరి. వధకై అమ్మకుండునట్లు నిబంధనలు బిగించిరి. పనికిరాని ముదుసలియే అన్నిటికంటె ముందుగా రక్షణ కోల్పోయెనని చదువరులు గమనింపవలయును.

అందమైన గుఱ్ఱపుపిల్లను ముద్దాడుటకు దయ అక్కఱలేదు, సంతోషమే చాలును. మనకు బరువు మోయనిదియు, మన సొత్తు కానిదియు, కాలము చెల్లినదియునగు మృగమునకు గడ్డిని, నీటిని, నెమ్మదియైన మరణమును విడిచిపెట్టుటయే దయ. అట్టి దయ ఒక్కనాటి కన్నీటితో ముగియరాదు. వెల్మా ఆనాడు నెత్తురు చూచి యేడ్చి యూరకుండినచో ఆమె పేరు నేడెవ్వరెఱుగుదురు?

బాలబాలికలారా, ఆ శాసనములకై జాబులు వ్రాసినవారిలో మీ యీడువారనేకులుండిరి. వారికి ధనము లేదు, అధికారము లేదు. పెన్సిలును, కాగితమును, ఓర్పును మాత్రముండెను. అవి మీకును కలవు.