పలుకుబడికి పట్టం కట్టిన పరిశోధకుడు గిడుగు

గిడుగు వెంకట రామమూర్తి పంతులును తెలుగునాడు వ్యావహారిక భాషోద్యమ పితామహునిగా స్మరిస్తోంది. ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, ఆయన చిత్రపటాలకు పూలమాలలు పడుతున్నాయి. సభల్లో ఆయన వాగ్ధాటినీ, పండితులతో ఆయన సాగించిన వాదప్రతివాదాలనూ గుర్తు చేసుకోవడం పరిపాటి. అయితే ఆ వాదానికి వెన్నెముకగా నిలిచినది వాగ్ధాటి కాదు, పరిశోధన. భాషను గురించి ఏ మాట అన్నా దానికి ఆధారం చూపాలన్న పట్టుదల ఆయనకు సిక్కోలు సీమలోని శిలాశాసనాల వద్ద, సవర గూడేల్లో అలవడింది.

శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరంలో శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలో ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న రామమూర్తి జన్మించారు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన విజయనగరంలో మేనమామ ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తయింది. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల నెల జీతంపై ఉపాధ్యాయునిగా చేరారు. పైచదువులన్నీ ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా సాగించినవే. ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. పరీక్షలు ఆ విధంగానే ఉత్తీర్ణులయ్యారు.

రాళ్లను చదివిన చరిత్ర పంతులు

చరిత్ర బోధించే ఉపాధ్యాయునికి ముఖలింగం ఆలయ గోడలపై ఉన్న శాసనాలు కంటబడకుండా ఉండవు. కంటబడినవారు ఎందరో ఉన్నారు, చదివినవారే అరుదు. ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చుకుని కళింగ గాంగుల శాసనాలను చదివిన గిడుగు, ఆ విషయాలపై ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్యాసాలు ప్రకటించారు. కాలాన్ని బట్టి లిపి మారుతుందని, మాట రూపం కూడా మారుతుందని, వ్యాకరణం అచ్చుకాకముందు సైతం జనం తమ లెక్కలూ దానాలూ తమ మాటల్లోనే రాసుకున్నారని ఆయనకు శాసనాధ్యయనం స్పష్టం చేసింది.

అంతకంటే లోతైన పాఠం సవరలు నేర్పారు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో నివసించే ఈ గిరిజనుల భాషకు అప్పట్లో లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగుతో చుట్టరికమూ లేదు. అది ముండా కుటుంబానికి చెందిన భాష. గొంతులో శ్వాసను క్షణకాలం బిగించి పలికే ధ్వనులు, కర్మను తనలో ఇముడ్చుకునే క్రియాపదాలు ఆ భాష ప్రత్యేకతలు. రెండు భాషలూ వచ్చిన ఒక సవర వ్యక్తిని ఇంట ఉంచుకుని గిడుగు ఆ భాషను నేర్చుకున్నారు. 1894 ప్రాంతంలో సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు తెరిచి, వారి మాటల్లోనే వాచకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా తిరస్కరించి, ఆ సొమ్ముతో సవరలకు పాఠశాల పెట్టాలని కోరారు. మన్యంలో తిరిగినందుకు చెల్లించిన మూల్యం కూడా తక్కువేమీ కాదు. చలిజ్వరానికి వాడిన క్వినైన్ ప్రభావంతో ఆయన వినికిడి శక్తి శాశ్వతంగా దెబ్బతింది. ధ్వనులను పట్టుకునే శాస్త్రానికి జీవితం అంకితం చేసిన వ్యక్తికి చెవులే సహకరించని స్థితి ఏర్పడినా పని మాత్రం ఆగలేదు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. సవర నిఘంటువు కూడా ఆ దశాబ్దంలోనే వెలువడింది. భాషాశాస్త్రజ్ఞులు నేటికీ సంప్రదించే ఈ గ్రంథాలు, విచిత్రంగా, ఆయన సొంత జిల్లాలో సామాన్య పాఠకులకు అంతగా తెలియవు.

ఒక దొర సందేహం

ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల పర్యవేక్షకునిగా వచ్చిన జె.ఏ.యేట్స్‌కు ఒక సందేహం కలిగింది. పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకంలోని తెలుగుకూ అంత దూరం ఎందుకన్నదే ఆ సందేహం. విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి.శ్రీనివాస అయ్యంగారు ద్వారా ఈ ప్రశ్న గురజాడకూ, గిడుగుకూ చేరింది. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషావేత్తల రచనలు అప్పటికే చదువుతున్న గిడుగు 1907 నుంచి ఈ సమస్యపై పూర్తిగా దృష్టి నిలిపారు.

ఆనాటి బడిపిల్లవాని కష్టం నేటి పాఠకునికి ఊహకు అందడం కష్టమే. ఇంట్లో వస్తున్నాడు అనే బాలుడు బడిలో వచ్చుచున్నాడు అని రాయాలి. అరసున్న ఎక్కడ, బండి ర ఎక్కడ, సరళాదేశం ఎక్కడ అని తడుముకోవాలి. కొలమానం చిన్నయసూరి బాలవ్యాకరణం. అందులోని సూత్రాలు ప్రధానంగా పద్యకావ్యాల భాష ఆధారంగా కూర్చినవి. దానినే వచనానికీ, వ్యాసానికీ, చివరకు భూగోళ పాఠానికీ వర్తింపజేశారు. ఫలితంగా చదువు అంటే విషయం తెలుసుకోవడం కాక తప్పులు దిద్దుకోవడంగా మారింది.

గిడుగు ఎన్నుకున్న మార్గం ఇక్కడే విశిష్టమైనది. గ్రాంథికం కష్టమని వాపోవడంతో ఆయన ఆగలేదు. గ్రాంథికాన్ని సమర్థిస్తున్న పండితుల పుస్తకాలనే ముందు వేసుకుని, వారు తమ నియమాలను తామే ఎక్కడెక్కడ ఉల్లంఘించారో పుటలతో సహా జాబితాలు సిద్ధం చేశారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అన్న గ్రంథం పేరులోని వెటకారం ఎవరికైనా బోధపడుతుంది. పూర్వకవుల ప్రయోగాలు బాలవ్యాకరణానికి లొంగనివి ఎన్ని ఉన్నాయో బాలకవి శరణ్యంలో కూర్చారు. తెలుగు వచనం పూర్వం నుంచీ వాడుక రూపాలతోనే నడిచిందని నిరూపించేందుకు పాత వచన రచనలను సేకరించి గద్యచింతామణిగా సంకలనం చేశారు. 1913లో ఆంగ్లంలో ప్రకటించిన ఆధునికాంధ్ర విజ్ఞాపన పత్రం విద్యాధికారులను ఉద్దేశించినది. చెప్పుకోవలసిన మరో సంగతి, గ్రాంథికం రాయడం చేతకాక ఆయన దానిని వద్దనలేదు. ఆ వ్యాకరణం ఆయనకు కరతలామలకం.

వ్యాసరచన పరీక్షలో ఆధునిక భాషను కూడా అనుమతించేందుకు 1912-13 ప్రాంతంలో అధికారులు అంగీకరించారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతుల నాయకత్వంలో తీవ్రమైన ప్రతిఘటన రావడంతో ఆ సడలింపు నిలబడలేదు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం కూడా ఫలించలేదు. 1915లో గురజాడ కన్నుమూశారు. గిడుగు ఒంటరి అయ్యారు.

ఉద్యోగం నుంచి 1911లోనే విరమించిన ఆయన ఇక ఊరూరా తిరిగారు. 1919లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షతన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. జీవితమంతా గ్రాంథికంలో రాసిన కందుకూరి చివరి నెలల్లో ఈ పక్షాన నిలవడం ఉద్యమానికి లభించిన పెద్ద బలం. అదే ఏడాది గిడుగు తెలుగు అనే మాసపత్రికను స్థాపించి, ఏడాదిపాటు నడిపారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలపాటు ప్రసంగించి, గ్రాంథికంలో నిర్దుష్టంగా రాయగలవారు లేరని ఉదాహరణలతో నిరూపించారు.

పత్రికల గుమ్మం ముందు

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ పట్టణాన్ని వృద్ధాప్యంలో విడిచి గిడుగు రాజమహేంద్రవరం చేరుకున్నారు. బడులూ విశ్వవిద్యాలయాలూ తలుపులు మూసినా పత్రికలు తెరుస్తాయన్నది ఆయన ఆశ. రోజూ జనం చేతికి చేరే కాగితం అదొక్కటే. పర్లాకిమిడిలో ఆయన శిష్యుడైన తాపీ ధర్మారావు జనవాణి పత్రికలో వాడుక భాషను ప్రవేశపెట్టారు. తక్కిన సంపాదకులు వెనుకాడుతూనే ఉన్నారు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో గిడుగు పత్రికా సంపాదకులకు తుది విన్నపం చేశారు. సరిగ్గా వారానికి, జనవరి 22న తుదిశ్వాస విడిచారు.

ఆయన కోరిన మార్పు ఆయన మరణానంతరం నెమ్మదిగా వచ్చింది. నార్ల వెంకటేశ్వరరావు వంటి సంపాదకుల చేతిలో వాడుక భాష సంపాదకీయాల దాకా చేరింది. విశ్వవిద్యాలయాల్లో పరీక్షలకూ, పరిశోధన వ్యాసాలకూ అది చెల్లుబాటు కావడానికి 1970వ దశకం వరకు ఆగవలసి వచ్చింది. గెలిచినది కూడా శిష్టుల వ్యవహారమే. కృష్ణా, గోదావరి మండలాల చదువుకున్నవారి పలుకు ప్రమాణంగా స్థిరపడగా, తెలంగాణ, రాయలసీమల నుడికారంతోపాటు గిడుగు పుట్టిన కళింగాంధ్ర యాస సైతం చాలాకాలం కథల్లోని సంభాషణలకే పరిమితమైంది. ఈ లోటును ఆయన ఖాతాలో వేయడం న్యాయం కాకున్నా, చూడకుండా ఉండడం కూడా సరికాదు.

ఇక సవరల సంగతి. గిడుగు పర్లాకిమిడి విడిచిన 1936లోనే మంగేయి గొమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. అది ప్రధానంగా ఒడిశా ప్రాంతంలో వ్యాపించింది. ఇవతలి సీతంపేట, భద్రగిరి కొండల్లోని సవర పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందించే కార్యక్రమాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో చేపట్టింది. పర్లాకిమిడి పంతులు సవర బడులు తెరిచి అప్పటికి 110 ఏళ్లు. ఆ పిల్లల కోసం అచ్చువేసిన వాచకాల్లో మాట సవరది, లిపి తెలుగుది.