జడల్లోంచి దిగిన గంగకు పదేళ్ల పండుగ

చెర్వుగట్టు మీద కొలువైన జడల రామలింగేశ్వరుడి సాక్షిగా, నార్కట్‌పల్లి చుట్టుపట్ల ఊళ్లన్నిటి తరఫున, ఇంటింటి నల్లాకు శుభాభినందనలు! హైవే మీద మన పొరుగూరైన చౌటుప్పల్‌లో 2015 జూన్ 8న మంచినీటి పథకం పైలాన్ వెలిసింది. 2025 జూన్ 8తో దానికి పదేళ్లు నిండాయి. శివుడి జడల్లోంచి గంగను నేలకు దించిన భగీరథుడి పేరే పథకానికి పెట్టారు. జడల స్వామి సీమకు ఇంతకన్నా తగిన పేరు ఏముంటుంది!

ఈ పండుగ వయసు పదేళ్లే గాని, దాని వెనుక దాహం తరాలది. కందూరు చోడులు పానగల్లులో ఉదయసముద్రం తవ్వించి వందల ఏళ్లు దాటింది. చెరువు కట్టడం మనకు కొత్త విద్య కాదు. కొత్తగా వచ్చిపడ్డ కష్టం బోరింగుది. లోతుకు పోయినకొద్దీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కింది. పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల ఎముకలు వంగాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఆ విషాన్ని తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించి ‘నల్గొండ టెక్నిక్’ అన్నారు. అది ఆఫ్రికా దాకా వెళ్లింది. మన జిల్లా పేరు అంత దూరం పోయిందని సంబరపడాలో, ఏ రోగం వల్ల పోయిందో తలుచుకుని బాధపడాలో నాకిప్పటికీ తెలియదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ బరిలో 480 మంది నిలిచారు. గెలుద్దామని కాదు, మా నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని! ఆ అభ్యర్థులకు ఈ పూట మొదటి దండ వేయాలి. 2004లో కృష్ణమ్మ ఇదే జిల్లా మీదుగా పైపుల్లో హైదరాబాద్ చేరింది. దారి పక్క ఊళ్లు అప్పటికీ బోరింగు కొట్టుకుంటూనే ఉన్నాయి.

అలాంటి గడ్డ మీద గుట్టలెక్కి, రాయి తొలిచి పైపులు పరిచిన కూలీలకు, శుద్ధి కేంద్రాల్లో రాత్రింబగళ్లు కాపలా ఉన్న ఆపరేటర్లకు, తెల్లవారకముందే వాల్వు తిప్పే ఊరి వాటర్‌మన్‌కు నిండు దీవెనలు. 2015లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 967. 2020కి కేంద్రం లెక్కలో అవి సున్నా. వంగిన వెన్నులు ఇక నిటారు కావు గాని, ఆ వెన్నుల మనవళ్లు తెల్లని పళ్లతో నవ్వుతున్నారు. మాకు ఫౌంటెన్లు లేవు. వాకిట్లో బిందె నిండే చప్పుడే మా జలయంత్రం.

ఈ ధార నూరేళ్లు తెగకుండా పారాలి, పారుతుందనే మా నమ్మకం. అందుకు మన వంతూ ఉంది. పైపు పగిలితే ఆ పూటే పంచాయతీకి చెప్పండి. ట్యాంకు కడిగిన తేదీని ట్యాంకు మీదే రాయించండి.